మెల్లగా తాకితే నీరు, గట్టిగా కొడితే రాయి



పోయిన వేసవిలో, పరీక్షలు ముగిసే రోజుల్లో, నా దగ్గర చదువుకున్న పాత విద్యార్థి ఒకతను నన్ను చూడటానికి బడికి వచ్చాడు. విడపనకల్లులో ఆ రోజుల్లో ఎండ ఎలా వుంటుందో అనంతపురం జిల్లా పిల్లలకి వేరే చెప్పనక్కరలేదు. అతను ఇప్పుడు సాయుధ దళంలో పనిచేస్తున్నాడు. సెలవు మీద వూరికి వచ్చాడు.

"ఏమప్పా, వుద్యోగం ఎట్లుంది?" అని అడిగాను.

"బాగుంది సార్. ఒక్క కోటుతోనే కష్టం" అన్నాడు. కోటంటే తూటాలు దిగకుండా తొడుక్కునే కవచం. "అది తొడుక్కొని మిట్టమధ్యాహ్నం నిలబడితే వీపున శనగల మూట మోస్తున్నట్టే సార్. లోపల చెమట కాల్వలు కడుతుంది. వంగేదానికి కాదు, పరిగెత్తేదానికి కాదు. అందుకే ఎప్పుడైనా కాసేపు తీసి పక్కన పెడతాం. తూటా ఆ కాసేపట్లోనే రావచ్చు కదా అని భయం కూడా వుంటుంది."

కొంచెంసేపు వూరుకొని మళ్ళీ అడిగాడు: "మామూలుగా బట్టలాగా మెత్తగా వుండి, దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఇనుములాగా గట్టిపడేది ఏదైనా వుందా సార్?"

మంచి ప్రశ్న. ఒంటి మీద లేని కవచం ఎంత గట్టిదైనా ప్రాణం కాపాడలేదు. అంచేత కవచాన్ని తేలికగా, మెత్తగా చెయ్యటం సుఖం కోసం మాత్రమే కాదు, ప్రాణం కోసం. అతని ప్రశ్నకి ఆ రోజు నేను నోటితో జవాబు చెప్పలేదు. ప్రయోగశాలలోకి తీసుకుపోయి బల్లమీద ఒక గిన్నె పెట్టాను. మీరూ ఒక గిన్నె తెచ్చుకోండి.

గిన్నెలో వింత

కిరాణా అంగడిలో కార్న్‌ఫ్లోర్ అనే తెల్లటి మెత్తని పొడి దొరుకుతుంది. ఇది మొక్కజొన్న గింజల్లోంచి తీసిన పిండిపదార్థం. మొక్కజొన్నలు మరపట్టిస్తే వచ్చే పసుపు పిండి ఈ ప్రయోగానికి పనికిరాదు. రెండు గ్లాసుల కార్న్‌ఫ్లోర్ గిన్నెలో పొయ్యండి. చన్నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ వేలితో కలపండి. సుమారు ఒక గ్లాసు నీళ్ళు పడతాయి. పొయ్యిమీద మాత్రం పెట్టకండి. వేడి తగిలితే గంజి అయిపోతుంది, వింత పోతుంది.

ఇప్పుడు వేలు మెల్లగా ముంచండి. పెరుగులో మునిగినట్టు మునిగిపోతుంది. మెల్లగా పైకి తీయండి. సుఖంగా వచ్చేస్తుంది. ఈసారి పిడికిలి బిగించి పైనుంచి ఒక్క గుద్దు గుద్దండి. మీ మొహాన చిందుతుందని భయపడుతున్నారు కదూ? చుక్క కూడా చిందదు. పిడికిలికి తడిమట్టి గోడ తగిలినట్టుంటుంది. కొంచెం చేతిలోకి తీసుకుని గబగబా వుండ చుట్టండి. వుండ అవుతుంది. చుట్టటం ఆపండి. వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంది!

ఇది ద్రవమా, ఘనమా? మెల్లగా తాకితే ద్రవం. గట్టిగా కొడితే ఘనం. మా పాత విద్యార్థి గిన్నెను నాలుగుసార్లు గుద్ది, "దీన్ని బట్టకు పూస్తే సార్?" అన్నాడు. సరిగ్గా అదే ఆలోచన శాస్త్రజ్ఞులకూ వచ్చింది. ఐతే ఆ కథ చెప్పేముందు ద్రవాల స్వభావం కాస్త తెలుసుకోవాలి.

న్యూటన్ మాట వినే ద్రవాలు, వినని ద్రవాలు

నాలుగైదు పుస్తకాలు దొంతిగా పెట్టి, పై పుస్తకాన్ని అరచేత్తో పక్కకి నెట్టండి. దొంతి వాలుతుంది. ఒక్కొక్క పుస్తకం కిందిదానిమీద కొంచెం జారుతుంది. ఇలా పొరలు ఒకదానిమీద ఒకటి జారేటట్టు చేసే బలాన్ని, వైశాల్యంతో భాగించి, విరూపణ ప్రతిబలం అంటారు. ద్రవం ప్రవహించేటప్పుడు కూడా ఇలాగే పొరలు పొరలుగా జారుతుంది. ఆ జారటానికి ద్రవం చూపే అయిష్టతే స్నిగ్ధత. నీటికి స్నిగ్ధత తక్కువ. ఆముదానికి ఎక్కువ. 20 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ఆముదం స్నిగ్ధత నీటి స్నిగ్ధతకి సుమారు వెయ్యి రెట్లు. అందుకే సీసాలోంచి ఆముదం అంత తాపీగా దిగుతుంది.

1687లో వెలువడిన తన మహాగ్రంథంలో న్యూటన్ ఈ సంగతిని గురించి ఆలోచించాడు. పొరల్ని రెండింతల వేగంతో జార్చాలంటే రెండింతల బలం కావాలి, మూడింతల వేగానికి మూడింతల బలం కావాలి అన్నది ఆయన భావన సారాంశం. అంటే, వుష్ణోగ్రత మారనంతవరకూ, మెల్లగా కలిపినా గబగబా కలిపినా స్నిగ్ధత ఒక్కటే. నీరు, ఆముదం, కిరోసిన్ ఈ మాట వింటాయి. వీటిని న్యూటన్ ద్రవాలంటారు.

కొన్ని వినవు. గోడకి వేసే రంగునే చూడండి. కుంచెతో లాగుతున్నప్పుడు పలచబడి సాఫీగా పరుచుకుంటుంది. కుంచె తీయగానే మళ్ళీ చిక్కబడి, గోడమీంచి కారకుండా నిలుస్తుంది. టమాటా సాసు కూడా ఇంతే. సీసాని కుదిపితే జారుతుంది. మన గిన్నెలోని మిశ్రమం దీనికి పూర్తిగా ఎదురు. ఎంత వేగంగా కదిలిస్తే అంత చిక్కబడుతుంది. ఇలాంటివాటిని విరూపణంతో చిక్కబడే ద్రవాలు అందాం. పేరు పొడుగైంది కాబట్టి ఇకమీదట 'చిక్కబడే ద్రవం' అంటే చాలు.

తిరునాళ్ళలో దారి

ఎందుకిలా చిక్కబడుతుంది? పెన్నహోబిలం తిరునాళ్ళకి వెళ్ళినవాళ్ళకి ఇది సులభంగా అర్థమవుతుంది. జనం కిక్కిరిసి వుంటారు. మీరు మెల్లగా, ఒక్కొక్కరిని తప్పుకోమంటూ నడిస్తే దారి దొరుకుతూనే వుంటుంది. ముందున్నవాళ్ళు కొంచెం ఒదుగుతారు, మీరు ముందుకి పోగానే మళ్ళీ సర్దుకుంటారు. అదే మీరు ఒక్కసారిగా పరుగెత్తి తోసుకుపోబోతే? ముందున్నవాడు తన ముందువాడి మీద పడతాడు, వాడు మరొకడి మీద. నలుగురైదుగురు ఒకరినొకరు పట్టుకుని గోడలాగా నిలబడిపోతారు. ఒక్క అడుగు ముందుకి పడదు.

చిక్కబడే ద్రవంలో జరిగేదీ ఇదే. అందులో సగానికి దగ్గరగానో, అంతకు మించో ఘనపరిమాణం ఘనకణాలే ఆక్రమించి వుంటాయి. రెండు కణాల మధ్య పలచని ద్రవపు పొర నూనె రాసినట్టు పనిచేస్తుంది. మెల్లగా కలిపినప్పుడు కణాలు ఆ పొరమీద ఒకదాన్నొకటి తప్పుకుంటూ జారతాయి. గట్టిగా, వేగంగా నెట్టినప్పుడు తప్పుకునే వ్యవధి వుండదు. మధ్యనున్న ద్రవం పిండబడి పక్కకి పోతుంది. కణాలు గుంపులు కడతాయి. గట్టిగా అదిమినకొద్దీ ఒకదానికొకటి నేరుగా తగిలి రాసుకుంటాయి. రాపిడి వల్ల గుంపులు బిగుసుకుంటాయి. బలం తీసేస్తే ద్రవం మళ్ళీ సందుల్లోకి చేరి కణాల్ని విడదీస్తుంది. అంతా యథాప్రకారం!

కణాలు ఇలా గుంపులు కట్టటాన్ని 1980ల్లో గణనయంత్రాల సాయంతో లెక్కకట్టి చూపారు. ఐతే ద్రవపు ఒత్తిడి ఒక్కటే అంత హఠాత్తుగా గట్టిపడటానికి చాలదనీ, కణాల మధ్య రాపిడే ముఖ్యమనీ 2013 తర్వాత వచ్చిన పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. చూశారా! మీరు వంటింటి గిన్నెలో చేసే వింతకి సంపూర్ణమైన కారణం మీరు పుట్టే రోజుల వరకూ తేలలేదు.

దీనికి దగ్గరి చుట్టం ఒకటి ఏట్లో కనిపిస్తుంది. మా వైపు వేదవతిని హగరి అంటారు. చిన్నప్పుడు కణేకల్లు దగ్గర హగరి ఇసుకలో తడి వున్నచోట అడుగు వేస్తే, పాదం చుట్టూ ఇసుక ఒక్కసారిగా పొడిబారినట్టు తెల్లబడేది. నా కాలివేడికి నీళ్ళు ఇంకిపోయాయనుకునేవాణ్ణి. కారణం అది కాదని చాలా ఏళ్ళకి చదువుకున్నాను. బాగా సర్దుకుని దగ్గర దగ్గరగా వున్న ఇసుకరేణువులు కదలాలంటే ఒకదానిమీదకొకటి ఎక్కాలి. ఎక్కితే సందులు పెద్దవవుతాయి. పైనున్న నీరు ఆ సందుల్లోకి దిగిపోతుంది. ఇంగ్లండులోని ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ ఈ సంగతిని 1885లో వివరించాడు.

పెద్ద తొట్టినిండా కార్న్‌ఫ్లోర్ మిశ్రమం పోసి దానిమీద మనుషులు పరుగెత్తటం మీరు వీడియోల్లో చూసే వుంటారు. ఆగినవాడు మునుగుతాడు. 2012లో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన వైటుకైటిస్, యేగర్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించారు. పైనుంచి దెబ్బ పడగానే దాని కింద ఒక గట్టి ముద్ద ఏర్పడి, బుల్డోజరు ముందు మట్టి పోగైనట్టు, పెరుగుతూ కిందికి పోతుందని కనుక్కున్నారు. పాదాన్ని మోసేది ఆ ముద్దే.

బట్ట తూటాను ఎలా ఆపుతుంది?

ఇక కవచం సంగతికి వద్దాం. ముందొక లెక్క చేద్దాం. 8 గ్రాముల పిస్తోలు తూటా సెకనుకు 350 మీటర్ల వేగంతో వస్తోందనుకోండి. దాని గతిశక్తి = ½ × 0.008 × 350 × 350 = 490 జౌళ్ళు. 5 కిలోల బండరాయిని 10 మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడమీంచి, వదిలితే నేలని తాకేటప్పుడు దాని శక్తి 5 × 9.8 × 10 = 490 జౌళ్ళు. సరిగ్గా అంతే! ఆ బండ శక్తంతా మీ చిటికెనవేలి గోరంత చోటులో దిగితే? అదే తూటా.

కాబట్టి కవచం చెయ్యవలసిన పని ఒక్కటే. గోరంత చోటులో దిగే శక్తిని కొండంత చోటుకి పంచటం. నేసిన బట్ట ఈ పని బాగా చేస్తుంది. తూటా తగిలిన దారం సాగి, తనను దాటుతున్న దారాల్ని లాగుతుంది. అవి మరికొన్నిటిని లాగుతాయి. దెబ్బ దారాల వెంట పరుగెత్తి చాలా దూరం వ్యాపిస్తుంది. ఐతే మామూలు నూలుదారం అంత బలాన్ని భరించదు, తెగిపోతుంది.

1965లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు కొత్త దారాలకోసం వెతుకుతూ ఒక ద్రావణం తయారుచేసింది. అది మామూలు ద్రావణాల్లా చిక్కగా, తేటగా లేదు. పలచగా, మజ్జిగతేటలాగా మబ్బుగా వుంది. దారం తీసే యంత్రం నడిపే అతను "ఇది నా యంత్రం రంధ్రాల్ని పూడ్చేస్తుంది" అని మొదట ఒప్పుకోలేదు. ఆమె పట్టుబట్టి తీయించింది. వచ్చిన దారం, సమానమైన బరువుకి, వుక్కుకంటే ఐదు రెట్లు బలమైనదని తేలింది. అదే కెవ్లార్. ఇంకెవరైనా ఐతే ఆ మబ్బు ద్రావణాన్ని పారబోసి వుండేవారు. ఆమె పారబోయలేదు. ప్రయోగశాలలో 'ఇదేదో తేడాగా వుందే' అనిపించినప్పుడు మీరూ పారబోయకండి.

మన ఇళ్ళల్లో పాతచీరలు పొరలు పొరలుగా వేసి కుట్టే బొంతలు చూశారుగా? కెవ్లార్ కవచం అలాంటి బొంతే. పిస్తోలు తూటాని ఆపటానికి ఇరవై, ముప్ఫై పొరలు కావాలి. పొరలు పెరిగినకొద్దీ కవచం మందమవుతుంది, వంగదు, గాలి ఆడదు. మా విద్యార్థి బాధ ఇక్కడే మొదలవుతుంది.

ముల్లు, కొడవలి

ఒక నేతబట్ట రెండు విధాలుగా ఓడిపోతుంది. మన పొలాల్లోనే రెండు వుదాహరణలూ వున్నాయి. కొడవలి తగిలితే దారాలు తెగుతాయి. తుమ్మముల్లు గుచ్చుకుంటే దారాలు తెగవు, పక్కకి జరుగుతాయి. ముల్లు సందు చేసుకుని దూరిపోతుంది. తీసేశాక బట్టని వేళ్ళతో సవరిస్తే చిల్లు కూడా కనిపించదు! తూటా తగిలినప్పుడు కూడా కొన్ని దారాలు తెగకుండానే పక్కకి జరిగి దారి యిస్తాయి. ఎంత బలమైన దారమైనా, పక్కకి తప్పుకుంటే దాని బలం వృథాయే కదా?

అంటే దారాన్ని ఇంకా బలంగా చెయ్యటం కాదు, దారం జారకుండా చెయ్యటం ముఖ్యం. దీనికొక చిన్న ప్రయోగం చెయ్యండి. మందుల అంగడిలో గాజుగుడ్డ దొరుకుతుంది. అరచేయంత ముక్కలు రెండు కత్తిరించండి. ఒకదాన్ని చిక్కని అన్నం గంజిలో ముంచి ఆరబెట్టండి. రెండోది అలాగే వుంచండి. ఒక్కో ముక్క అంచున ఒక దారాన్ని కొంచెం బయటికి లాగి, బట్టని పైన గట్టిగా పట్టి వుంచి, దారానికి ఒక కాగితం కప్పు వేలాడదీయండి. కప్పులో చెంచాతో ఇసుక పోస్తూ రండి. గంజి లేని బట్టలో దారం కొద్ది ఇసుకకే జారి వచ్చేస్తుంది. గంజి పెట్టినదానిలో చాలా ఇసుక పడుతుంది. ఒక్కోసారి దారం జారదు, తెగిపోతుంది. ఎన్ని చెంచాలు పట్టాయో నోట్‌బుక్కులో రాసుకోండి.

వురవకొండలోనో, ధర్మవరంలోనో మగ్గాలున్న ఇళ్ళ పిల్లలకి గంజి సంగతి నేను చెప్పనక్కరలేదు. ఐతే గంజిబట్టకి ఒక లోపముంది. అది ఎప్పుడూ బిరుసే. వంచితే మడతపడుతుంది. మనకి కావలసింది మామూలప్పుడు దారాల్ని వదిలేసి, దెబ్బ తగిలినప్పుడు మాత్రం పట్టుకునే గంజి. పొద్దున్న గిన్నెలో చూసింది గుర్తుందా?

తెలివైన గంజి

2003లో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన నార్మన్ వాగ్నర్, యంగ్ లీ, ఆ దేశపు సైనిక పరిశోధనాలయానికి చెందిన ఎరిక్ వెట్జెల్ కలిసి ఈ ఆలోచన మీద ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. వాళ్ళు కార్న్‌ఫ్లోర్ వాడలేదు. ఎందుకంటే పిండి పాచిపోతుంది, నీరు ఆవిరైపోతుంది. పిండికి బదులు సిలికా కణాలు తీసుకున్నారు. ఇసుకలో వుండే పదార్థమే ఇది. ఒక్కో కణం వ్యాసం సుమారు 450 నానోమీటర్లు. మీ తలవెంట్రుక మందంలో ఇలాంటివి నూటయాభైదాకా వరసగా పేర్చవచ్చు. నీటికి బదులు ఇథిలీన్ గ్లైకాల్ వాడారు. ఇది అంత తొందరగా ఆవిరి కాదు. తర్వాతివాళ్ళు ఎక్కువగా పాలిఇథిలీన్ గ్లైకాల్ వాడుతున్నారు. అది ఇంకా నిలకడైనది.

ఇంత చిక్కని ద్రవం దారాల సందుల్లోకి ఎలా ఇంకుతుంది? దానిలో ఆల్కహాలు కలిపి పలచన చేస్తారు. కెవ్లార్ బట్టని అందులో ముంచి, రోలర్ల మధ్య పిండి, 80 డిగ్రీల వేడిలో కొంచెంసేపు వుంచుతారు. ఆల్కహాలు ఆవిరైపోతుంది. చిక్కబడే ద్రవం దారాల్లోనే వుండిపోతుంది. నేతగాడు గంజి పెట్టి ఆరబెట్టినట్టే!

ఇలా చేసిన బట్టని సెకనుకు సుమారు 240 మీటర్ల వేగంతో వచ్చే లోహపు ముక్కతో పరీక్షించారు. ద్రవం పట్టించిన 4 పొరలు, ద్రవం లేని 10 పొరలతో సమానంగా దెబ్బని ఆపాయి. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. ద్రవానికీ బరువుంటుంది కదా? ఆ 4 పొరల బరువు 10 పొరల బరువుతో దాదాపు సమానం. మరి లాభమేమిటి? మందం సుమారు సగమే. పది పొరల కట్ట అట్టలాగా బిర్రుగా వుంటే, ఇది నాలుగు పొరల బట్టలాగే వంగింది. కవచానికి మెత్తదనం రావటం అంటే చేతులకీ, మోకాళ్ళకీ, మెడకీ కూడా రక్షణ కల్పించవచ్చని అర్థం. బిరుసు కవచం వంగేచోట్ల పనికిరాదు.

సూదిమొన లాంటి ఆయుధాలు గుచ్చినప్పుడు ఈ బట్ట ఇంకా బాగా నిలిచింది. దారాలు పక్కకి జరగలేదు కాబట్టి. పదునైన కత్తి విషయంలో అంత లాభం లేదు. కారణం మీకు ఇప్పటికే తెలుసు. కత్తి దారాన్ని జరపదు, కోస్తుంది. ముల్లుకి, కొడవలికి వున్న తేడాయే ఇది.

ఇటువంటి పరిశోధన మనదేశంలోనూ జరుగుతోంది. ఢిల్లీ ఐఐటిలోని జౌళి విభాగంలో అభిజిత్ మజుందార్, ఆయన సహచరులు కెవ్లార్ బట్టకి ఈ ద్రవం ఎంత పట్టించాలి, ఎంత ఒత్తిడితో పిండాలి అనే ప్రశ్నల మీద 2013 ప్రాంతం నుంచి వరసగా పత్రాలు ప్రచురించారు. ద్రవం ఎక్కువైతే బరువు, తక్కువైతే పట్టు చాలదు. వంటలో వుప్పులాగా, అంతా పాళ్ళలోనే వుంది!

మరి ఇంకా ఎందుకు రాలేదు?

మీలో కొందరు అడుగుతారు. ఇంత మంచిదైతే మీ విద్యార్థి ఒంటిమీద ఎందుకు లేదు సార్ అని. న్యాయమైన ప్రశ్న. కారణాలు చూద్దాం.

మొదటిది రైఫిల్ తూటా. అదే 8 గ్రాముల తూటా సెకనుకు 715 మీటర్ల వేగంతో వస్తే శక్తి 2,045 జౌళ్ళు. వేగం సుమారు రెండింతలు, శక్తి నాలుగింతలకి పైనే. దీన్ని ఆపటం ఏ మెత్తని బట్టకీ సాధ్యం కాదు. గట్టి పలక తప్పదు. బోరాన్ కార్బైడ్ అనే పింగాణీ వంటి పదార్థంతో చేసిన పలక తగిలి తూటా ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని వెనకనున్న దారాల పొరలు పట్టుకుంటాయి. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన 'భాభా కవచ్' ఇలాంటిదే. దాన్ని తయారుచేసే మిధాని సంస్థ మన హైదరాబాదులోనే, కంచన్‌బాగ్‌లో వుంది. 1973లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ అది. 2024లో రక్షణ పరిశోధన సంస్థ, ఢిల్లీ ఐఐటి కలిసి 'అభేద్' అనే కవచాన్ని ప్రకటించాయి. దానిలో తేలికైన రకం బరువు 8.2 కిలోలు. బరువు తగ్గించటానికి ఎంతమంది ఎంత కష్టపడినా ఇంకా ఎనిమిది కిలోలుందంటే, సమస్య ఎంత గట్టిదో మీరే వూహించండి.

రెండవది, తూటా బట్టని దాటకపోయినా, బట్ట లోపలికి వుబ్బి పక్కటెముకల్ని విరగ్గొట్టవచ్చు. అందుకే పరీక్షించేటప్పుడు కవచం వెనక బంకమట్టి పెట్టి, గుంట ఎంత లోతు పడిందో కొలుస్తారు. అమెరికా ప్రమాణం ప్రకారం అది 44 మిల్లీమీటర్లు దాటకూడదు.

మూడవది కాలం. ఎండకీ, చెమటకీ, ఏళ్ళ తరబడి వాడకానికీ ఆ ద్రవం తట్టుకోవాలి. గ్లైకాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరితే పాళ్ళు మారతాయి. పాళ్ళు మారితే ఏమవుతుందో మీ గిన్నెలో ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువ పోసి చూడండి. ఎంత గుద్దినా గట్టిపడదు.

నాలుగవది శాస్త్రజ్ఞుల మధ్య తెగని వాదం. ఈ లాభంలో ద్రవం గట్టిపడటం వల్ల వచ్చిందెంత, సిలికా కణాలు దారాల మధ్య ఇసుకలాగా పడి రాపిడి పెంచటం వల్ల వచ్చిందెంత? రెండింటి పాత్రా వుందని అందరూ ఒప్పుకుంటారు. పాళ్ళ దగ్గరే పేచీ. సైన్సులో ఇది తప్పు కాదు. ఇలాంటి పేచీలే తర్వాతి ప్రయోగాలకి విత్తనాలు.

ఐతే ఈ ఆలోచనకి తోబుట్టువు ఒకటి ఇప్పటికే అంగళ్ళలోకి వచ్చింది. 1999లో మొదలైన డీ3ఓ అనే బ్రిటిష్ కంపెనీ, ద్రవానికి బదులు, దెబ్బకి గట్టిపడే మెత్తని పదార్థాన్ని తయారుచేసింది. 2006 శీతాకాల ఒలింపిక్స్‌లో మంచుమీద జారే కొందరు క్రీడాకారులు దాన్ని తమ దుస్తుల్లో వాడారు. ఇప్పుడు మోటారుసైకిలు నడిపేవారి కోట్లలో, మోకాలి తొడుగుల్లో వస్తోంది. తూటాకి కాదు, కిందపడ్డ దెబ్బకి.

మన పొలం, మన చేతులు

కవచం పోలీసులకీ, సైనికులకీ మాత్రమేనా? కంపచెట్లు కొట్టేవారి చేతులు చూడండి. ముళ్ళ మచ్చలు లేని చెయ్యి వుండదు. చెత్త ఎత్తేవారికి అందులో పారేసిన ఇంజెక్షను సూదులు గుచ్చుకుంటాయి. ఆసుపత్రిలో నర్సులకీ అదే ప్రమాదం. ఒక్క సూదిపోటుతో రోగి రక్తంలోని జబ్బు అంటుకోవచ్చు. తోలు తొడుగులున్నా వాటితో పని సాగదని తీసి చంకలో పెట్టుకుంటారు. మా విద్యార్థి కోటు తీసి పక్కన పెట్టినట్టే! పలచగా, వేళ్ళు వంగేటట్టు, ముల్లు దిగనట్టు వుండే చవకైన తొడుగు ఎవరైనా తయారుచేస్తే, యుద్ధంలో కంటే పొలంలోనే ఎక్కువమందికి మేలు జరుగుతుంది. ఆ పని చేసేది మీలో ఒకరెందుకు కాకూడదు?

ఆ రోజు మా విద్యార్థి వెళుతూ చేతికంటిన పిండి కడుక్కుంటూ, "ఇది వచ్చేవరకూ ఏం చెయ్యమంటారు సార్?" అన్నాడు.

"వచ్చేవరకూ ఆ బరువు కోటునే తొడుక్కో. కాసేపు కూడా తీయొద్దు" అన్నాను. నవ్వి సరేనన్నాడు.

ఇక మీ వంతు. మిశ్రమంతో ఆడుకోవటం అయ్యాక తూములో పొయ్యకండి. అడుగున పేరుకుని పూడుకుపోతుంది. ఎరువుదిబ్బలో పారబొయ్యండి. బట్టల్ని కత్తితోనో సూదితోనో ఒంటిమీద పెట్టుకుని పరీక్షించే సాహసం ఎప్పుడూ చెయ్యకండి. కింది ప్రశ్నలకి జవాబులు మీరే ప్రయోగం చేసి కనుక్కోండి.

1. కార్న్‌ఫ్లోర్ మిశ్రమంలో నిలబెట్టిన చెంచాని మెల్లగా లాగితే వస్తుంది. ఒక్కసారిగా లాగితే గిన్నె కూడా పైకి లేస్తుంది. ఎందుకు?

2. రెండు గ్లాసుల పిండికి నీళ్ళు ముప్పావు గ్లాసు, ఒక గ్లాసు, ఒకటిన్నర గ్లాసు పోసి చూడండి. ఏది బాగా గట్టిపడింది? మిగిలినవి ఎందుకు గట్టిపడలేదు, లేక ఎందుకు ఎప్పుడూ గట్టిగానే వున్నాయి?

3. తూటా వేగం మూడింతలైతే దాని శక్తి ఎన్ని ఇంతలవుతుంది?